తడిబట్ట వేయమన్నది నేనే

ముప్పై ఏళ్లు వెంట్రుకల మీద, పళ్ల మీద పరిశోధన చేశానని చెబితే జనం ముందు నా తల వైపు చూస్తారు. తర్వాత ఏ నూనె వాడితే జుట్టు ఊడదో చెప్పమంటారు. మా అక్క చనిపోయిన రోజున కూడా ఒకావిడ నన్ను పక్కకు పిలిచి గుసగుసగా అదే అడిగింది. నాకు కోపం ఎక్కువ. "రాసుకున్నా ఊడుతది, రాసుకోకున్నా ఊడుతది" అని చెప్పి పంపించాను.

ఇప్పుడు ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు వేరే ప్రశ్నలు అడుగుతారు. ఏ యంత్రం మీద పని నేర్చుకోవాలి, ఏ పత్రికలో వ్యాసం పడితే ఉద్యోగం వస్తుంది అని. వాటికి జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఎప్పుడు ఏ హోదాకు వెళ్లానన్నది పెన్షన్ కాగితాల్లో ఉంటుంది, ఇక్కడ రాయను. ఈ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దాని వల్ల ఒక తల్లి పదకొండేళ్లు తన కొడుకు చావుకు తనే కారణమని నమ్ముతూ బతికింది. కాదని చెప్పాల్సినదాన్ని నేనే. చాలా ఆలస్యంగా చెప్పాను.

మా పని

తల్లి కడుపులో పిండం ఇంకా చిన్నగా ఉన్నప్పుడు దాని చర్మం నున్నగా ఉంటుంది. తర్వాత అక్కడక్కడ చిన్న చుక్కల్లా చర్మం మందమవుతుంది. ఆ చుక్కల్లో కొన్ని వెంట్రుకలవుతాయి, కొన్ని పళ్లవుతాయి, కొన్ని చెమట గ్రంథులవుతాయి. చూడటానికి వీటికీ వాటికీ పోలికే లేదు, కానీ మొదలు మాత్రం ఒకే తీరు. చర్మం పైపొర కింది పొరకు కబురు పంపుతుంది, కింది పొర బదులు పంపుతుంది. కబురంటే ఒక ప్రోటీను. ఒక కణం దాన్ని బయటికి వదిలితే పక్క కణం అందుకుంటుంది. లోపల అది చేతులు మారుతూ జన్యువుల దాకా పోతుంది. దీన్నే మేము సంకేతం అంటాం. ఆ దారి ఎక్కడ తెగినా పుట్టిన బిడ్డకు జుట్టు సరిగా రాదు, నాలుగైదు పళ్లే వస్తాయి, అవీ మొనదేలి ఉంటాయి, ఒంటికి చెమట పట్టదు.

ఎనభైల్లో మాకు తెలిసింది ఇందులో కొంచెమే. అట్లాంటి జబ్బు ఒకటి ఉందని, తల్లి నుంచి కొడుకులకు వస్తుందని తెలుసు. ఏ జన్యువు వల్ల వస్తుందో తెలియదు. అట్లాంటి కుటుంబాలను వెతకడం, రక్తం తీసుకురావడం, దాని నుంచి డీఎన్ఏ తీసి పరీక్షించడం నా పని. నల్గొండ బస్టాండు పక్కన సోడా దుకాణంలో ఐసు ముక్కలు కొని థర్మాస్ ఫ్లాస్కులో వేసి, రక్తం సీసాలు అందులో పెట్టుకుని హైదరాబాదు బస్సెక్కేదాన్ని. ఒకసారి కండక్టరు "ఏముంది మేడం అండ్ల, ఐస్‌క్రీమా?" అని అడిగాడు. "నెత్తురు" అన్నాను. చౌటుప్పల్ దాకా నా పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు.

మా ల్యాబు నడిపే సార్ కోస్తా నుంచి వచ్చినవారు. ఎవరి ఫలితాన్నీ ఒక్కసారికి నమ్మేవారు కాదు. డీఎన్ఏ పరీక్ష ఫలితం అప్పట్లో ఎక్స్‌రే ఫిల్ము మీద గీతల్లా తేలేది. అవి కనబడగానే మేము సంబరపడేవాళ్లం. ఆయన దాన్ని కిటికీకి ఆనించి చూసి, "ఇది దానంతటది తేలిందా రజియా, నువ్వు తేల్చావా?" అని అడిగి మళ్లీ చేయించేవారు. మూడోసారికి కూడా అదే వస్తే తల ఊపేవారు. ఆయన్ని చాలామంది తిట్టుకున్నారు, నేనూ తిట్టుకున్నాను. పనిలో నాకున్న కొంచెం నిజాయితీ ఆయన పెట్టిందే. కానీ ల్యాబులో నేర్చుకున్న ఆ అనుమానాన్ని నేను ఊళ్లోకి తీసుకుపోలేదు. అక్కడ నేను చెప్పిందే వేదం అన్నట్లు మాట్లాడేదాన్ని.

నీళ్ల రోగం అనుకున్నారు

నల్గొండ వైపు పళ్లు బాగాలేకపోతే ఎవరూ డాక్టరును అడగరు. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది, పళ్లు గోధుమరంగు తిరుగుతాయి. అందరికీ తెలిసిన సంగతే. ఆ నీళ్ల వల్ల చెడిన పళ్లను లెక్కించే సర్వే కోసమే నేను ఒక ఊరి బడికి పోయాను. ఏడేళ్ల పిల్లవాడొకడు నోరు తెరవనని మొండికేశాడు. బడిలో టీచరు, "నీళ్ల రోగమే మేడం, వానిదేముంది, రాసుకోరి" అన్నారు.

వాడి పేరు నర్సింహ. నున్నటి గుండు. మా ఇళ్లలోనూ పుట్టిన ఏడో రోజున పిల్లల తల గీయిస్తాం కాబట్టి గుండు నాకు వింతగా అనిపించలేదు. వాడికి కనుబొమ్మలు లేవని మాత్రం చూశాను. బతిమాలి నోరు తెరిపిస్తే పైన మూడు పళ్లు, కింద రెండు. మొనదేలి ఉన్నాయి, ఒక్క మరక లేదు.

"మేడం, నాయి కుక్క పండ్లట. నిజమేనా?" అన్నాడు.

"ఎవలన్నరు?"

"అందరంటరు."

"కుక్కకు నీకంటె మస్తుగ ఉంటయి పండ్లు" అన్నాను. నాది పాలమూరు, వాళ్ల మాటకు నా మాట దగ్గరే. వాడు నవ్వి, ఈసారి అడగకుండానే నోరు తెరిచాడు.

ఆ సాయంత్రం వాళ్లింటికి పోయాను. తల్లి యాదమ్మ, తండ్రి సాయిలు. ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. నర్సింహ తర్వాత పద్మ అనే ఆడపిల్ల. ఇంట్లో నీళ్ల కుండకు వీపు ఆనించి కూర్చోవడం నర్సింహకు అలవాటు. బడి నుంచి రాగానే పలక పడేసి అక్కడే కూలబడేవాడు. జొన్నరొట్టె నమలలేడు కాబట్టి పప్పుచారులో నానబెట్టుకుని తినేవాడు. యాదమ్మ తమ్ముడు కూడా ఇట్లాగే పుట్టి చిన్నప్పుడే పోయాడట. అది వినగానే నాకు లోపల సంతోషమైంది. ఇట్లాంటి కుటుంబం కోసమే రెండేళ్లుగా తిరుగుతున్నాను మరి. చనిపోయిన పిల్లవాడి సంగతి విని సంతోషపడ్డానని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఆ సంతోషం కలుగుతుంది. అప్పుడు కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

మొక్కు

నర్సింహకు జుట్టు రాదని ఊళ్లో ఎవరికీ తెలియదు. వాడు పుట్టినప్పుడు బతకడని అంటే, ఏటేటా వాడి తలవెంట్రుకలు ఇస్తానని యాదమ్మ యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కుకుంది. ప్రతి ఫాల్గుణంలో గుట్టకు పోయి గుండు చేయించేది. మధ్యలో నాలుగు పోచలు లేచినా మంగలిని పిలిచి గీయించేది.

"ఎంటికలు రావంటె పోరని నవ్వుతరు మేడం. మొక్కు గుండు అంటె ఎవరేమనరు" అని నాకు మెల్లగా చెప్పింది.

నాకు మాత్రం వెంట్రుకలు కావాలి. ఎట్లా మొలుస్తాయో, ఎంత పలచగా ఉంటాయో ఫొటో తీసి వ్యాసంలో పెట్టాలి. ఈ ఏడు గుట్టకు పోవద్దని, మూడు నెలలు మంగలిని పిలవద్దని చెప్పాను. యాదమ్మ అత్త ఒప్పుకోలేదు, "దేవునితోని ఆటలా?" అంది. యాదమ్మ నా మొహం చూసింది. కొడుకుకు ఏదో మందు ఇస్తానని అనుకుంది పాపం. నేను ఇస్తానని అనలేదు, ఇవ్వనని కూడా అనలేదు.

"మేడం చదువుకున్నది. ఊకె చెప్తదా? వచ్చే ఏడు రెండేండ్లయి కలిపి ఇస్తం" అని అత్తను ఒప్పించింది.

మూడు నెలల తర్వాత పోయేసరికి వాడి తల మీద తెల్లటి సన్నని పోచలు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. వాడు బడికి పోవడం మానేశాడు. పిల్లలు ఏమన్నారో నాకు చెప్పలేదు. ఫొటో తీస్తుంటే కెమెరా వైపు చూడనన్నాడు. ఆ ఫొటో కళ్ల మీద నల్ల పట్టీతో అచ్చయింది. ఒక కాపీ ఇస్తానని యాదమ్మకు చెప్పి ఇవ్వడం మర్చిపోయాను.

తడిబట్ట

చెమట పట్టని పిల్లలకు ఎండ ప్రాణాంతకం. ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. యాదమ్మకు అది విడమరచి చెప్పాను. ఆమె అంతకుముందు కొడుక్కి ఒళ్లు వెచ్చబడితే చాలు, సంకనేసుకుని నల్గొండ దవాఖానకు ఉరికేది. కూలి పోయేది, సాయిలుతో తగాదా అయ్యేది. నేను పెద్ద ఉపకారం చేస్తున్నాననుకుని చెప్పాను.

"జరమొచ్చినప్పుడల్ల ఆగం కావద్దు యాదమ్మా. వీనికి సెమట రాదు, గందుకే ఒళ్లు కాల్తది. నీడకు పండవెట్టు, తడిబట్ట కప్పు, నీళ్లు తాగియ్యి. దిగుతది."

"సూది అక్కర లేదా?"

"అక్కర లేదు."

ఎంత గట్టిగా చెప్పానో ఇప్పటికీ నా చెవికి వినిపిస్తుంది. ఆ ఎండాకాలమంతా ఆమె తడిబట్ట వేసింది, జ్వరం దిగింది. నేను పోయినప్పుడు ఎంతో సంబరంగా చెప్పింది. ఇంటి ముందు వాళ్లకు కూడా నేర్పిందట.

తర్వాత చాలా నెలలు నేను పోలేదు. ల్యాబులో పని ఎక్కువైంది. మళ్లీ పోయేసరికి కుండ దగ్గర ఎవరూ లేరు. నర్సింహ అప్పటికి రెండు నెలల కిందట చనిపోయాడు. మూడు రోజులు జ్వరం. మూడు రోజులూ యాదమ్మ తడిబట్ట మారుస్తూ కూర్చుంది. నాలుగో రోజు ఊపిరి ఎగబీల్చి పోయాడు.

యాదమ్మ నన్ను ఏమీ అనలేదు. "మొక్కు తప్పినం మేడం. సామి తీస్కపోయిండు. మా అత్త వద్దనే అన్నది, నేనే ఇనలే" అంది. నేను ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. అట్లాంటిదేమీ ఉండదని ఒక మాట అన్నాను కూడా. ఆమె వినలేదు, నేను రెండోసారి అనలేదు. మొక్కు మీద నింద పడితే నా మీద పడదు కదా, అందుకే ఊరుకున్నానేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ల్యాబుకు వచ్చి ఆ కుటుంబం వంశవృక్షం పటంలో నర్సింహ పేరున్న గడి మీద, చనిపోయినట్లు గుర్తుగా అడ్డగీత గీశాను. కారణం దగ్గర "అధిక శరీర ఉష్ణం" అని రాశాను. వాడు పోయింది పుష్యమాసంలో, జనం చలిమంట వేసుకునే రోజుల్లో. ఆ చలిలో వేడికి జ్వరమెట్లా వస్తుందని నేను ఆలోచించలేదు. సార్ కూడా అడగలేదు. ల్యాబు ఫిల్ము అయితే మూడుసార్లు అడిగేవారు.

ఇతర విషయాలు

తొంభైల నడుమ విదేశాల్లో ఈ జబ్బు జన్యువును పట్టుకున్నారు. అప్పట్లో నర్సింహ రక్తం నుంచి తీసిన డీఎన్ఏ మా ఫ్రీజరులో ఉంది. కరెంటు పోయిన ప్రతిసారీ ఐసు తెచ్చి కాపాడుకుంటూ వచ్చాను. ఆశగా పరీక్షించాను. ఆ జన్యువు వాడిలో బాగానే ఉంది! నమూనా మారిపోయిందేమోనని మళ్లీ చేశాను, మూడోసారీ చేశాను. అదే ఫలితం. సార్ అప్పటికి రిటైరయ్యారు. నేను దాన్ని పక్కన పెట్టాను.

శతాబ్దం మారే రోజుల్లో ఇంకో సంగతి బయటపడింది. జుట్టుకు, పంటికి కబురు మోసే ఆ దారిలో లోపల ఒక ప్రోటీను ఉంది. మన ఒంట్లోకి రోగం జొరబడినప్పుడు రక్తంలోని తెల్లకణాలను లేపే కబురు కూడా దాని గుండానే పోతుంది. ఆ ప్రోటీను చెడితే జుట్టు, పళ్లు, చెమట దెబ్బతినడంతో పాటు రోగాన్ని ఎదుర్కొనే శక్తి కూడా తగ్గిపోతుంది. అట్లాంటి పిల్లలు ఎండ వల్ల కాదు, రోగం ముదిరి పోతారు. ఆ సంగతి రాసిన వ్యాసం చదవగానే లేచి బీరువా దగ్గరికి పోయాను.

బీరువాలోంచి నర్సింహ ఫారం తీశాను. సార్ తయారు చేసిన ఫారం అది. వెంట్రుకలు, పళ్లు, చెమట అని మూడు పెద్ద గళ్లు. అడుగున "ఇతర విషయాలు" అని రెండు వేళ్ల వెడల్పు జాగా. అందులో నా చేతిరాతే ఉంది: "తరచు జ్వరాలు. చెవిలో చీము. తొడ మీద గడ్డ, దవాఖానలో కోశారు. ఊపిరితిత్తులకు చీము పట్టి ఆరు రోజులు దవాఖానలో." యాదమ్మ అన్నీ చెప్పింది. నేను అన్నీ రాసుకున్నాను. రాసుకున్నది చదవలేదు. ఆమె దవాఖానకు ఉరికిన ప్రతిసారీ అక్కడి సూది వాడిని బతికించింది. ఉరకొద్దని చెప్పింది నేను.

డీఎన్ఏ పరీక్షించాను. తప్పు ఆ ప్రోటీనును తయారుచేసే జన్యువులోనే ఉంది.

రిటైరైన సార్ దగ్గరికి పోయి చెప్పాను. "అప్పుడు ప్రపంచంలో ఎవరికీ తెలియదు రజియా. ఇప్పుడు పోయి చెబితే ఆ తల్లికి ఏం ఒరుగుతుంది? మానుతున్న పుండు మీద చేయి పెట్టకు" అన్నారు. నా మీద ప్రేమతోనే అన్నారు. ఎవరికీ తెలియదన్నది నిజమే. తెలియకపోవడం నా తప్పని నేను అనుకోలేదు. తెలియకుండా అంత గట్టిగా చెప్పానే, అది నా తప్పు. పైగా పద్మ ఉంది. తల్లిలో ఉన్నది ఆమెలోనూ ఉండవచ్చు, ఆమెకు కొడుకు పుడితే వాడికీ రావచ్చు. మరుసటి వారం నల్గొండ బస్సెక్కాను.

చెప్పడం

యాదమ్మ నన్ను గుర్తుపట్టింది. జుట్టు నెరిసింది, ముందరి పన్ను ఒకటి ఊడింది. పద్మ అయిదో నెలతో పుట్టింటికి వచ్చి ఉంది. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాక, దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను. ఉన్నది ఉన్నట్లు చెప్పాను.

"యాదమ్మా, నర్సింహ మొక్కు తప్పినందుకు పోలే. నేను తడిబట్ట వెయ్యమంటి చూడు, గది తప్పు. గా జరం వేడిది కాదు, రోగానిది. వాని ఒంట్ల రోగాన్ని ఆపే బలం పుట్టుకతోనే తక్కువ. ఎంటికలు రాకపోవుడు, పండ్లు రాకపోవుడు, రోగం ఆగకపోవుడు, మూడు ఒక్కదాని నుంచే వచ్చినయి. గప్పుడు నాకు తెల్వది. తెల్వకుంటనే చెప్పిన."

ఆమె నాకు ఎదురుగా జరిగి కూర్చుంది.

"మొక్కు తప్పినందుకు కాదా?"

"కాదు."

"మల్ల చెప్పు."

"కాదు యాదమ్మా. నువ్వేం తప్పు చెయ్యలే."

ఆమె లేచి నా మణికట్టు పట్టుకుంది. "నడువ్. మా ఆయనకు చెప్పు. మా అత్త ఉన్నన్నాళ్లు కొడుకును తిన్నదాన అన్నది. ఆమె పోయి రెండేండ్లాయె, ఆమె ఉన్నప్పుడు రాకపోతివి. ఈయన ఏమనడు. పిలగాని పేరు గూడ ఎత్తడు. గదే నాకు పెద్ద తిప్పల."

ఇంటి వెనుక సాయిలు మంచానికి నులక అల్లుతున్నాడు. "ఇను. మేడం చెప్తది" అంది యాదమ్మ. అంతా మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టంగా ఉంది. అతని చేతులు ఆగిపోయాయి. నా వైపు తిరిగాడు.

"అయితె గా మూడు దినాలల్ల దవాఖానకు కొంచవోతె బతుకుతుండెనా మేడం?"

లేదని చెప్పి ఉండవచ్చు. దారిలో ఆ అబద్ధం కూడా ఒకటి సిద్ధం చేసుకున్నాను.

"గట్టిగ చెప్పలేను సాయిలన్నా. గా జరం అయితె తగ్గుతుండె కావచ్చు. ఇంకొన్నేండ్లు ఉంటుండె కావచ్చు."

అతను తల వంచుకున్నాడు. యాదమ్మ నేల మీద కూలబడి, కొడుకు అప్పుడే పోయినట్లు గొంతెత్తి ఏడ్చింది. పద్మ పరుగెత్తుకొచ్చింది. సాయిలు నులక వదిలేసి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. "నర్సింహను నువ్వు సంపలే" అన్నాడు. అదే మాట రెండు మూడుసార్లు అన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాను. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు, తిట్టనూ లేదు.

ఏడుపు తగ్గాక యాదమ్మ కొంగుతో మొహం తుడుచుకుని పద్మ సంగతి అడిగింది. దవాఖానలో డాక్టర్ల కోసం జబ్బు సంగతంతా రాసి వెంట తెచ్చిన కాగితం ఇచ్చాను. కొడుకు పుడితే రక్తం పరీక్ష చేయిస్తానని, ఒళ్లు ఏమాత్రం వెచ్చబడినా ఆ గంటకే దవాఖానకు తీసుకుపోయి ఈ కాగితం చూపించమని చెప్పాను. ఇక లేచి సంచి భుజాన వేసుకున్నాను.

యాదమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గప్పుడు గూడ గిట్లనే గట్టిగ చెప్పినవ్ మేడం. నీకు తెల్సింది చెప్పినవ్. తెల్వంది ఎంతున్నదో చెప్పకపోతివి. గీసారి గది గూడ చెప్పి పో."

సంచి దించి మళ్లీ కింద కూర్చున్నాను. పద్మ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. మాకు తెలియనివి ఏమిటో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాను. సాయంత్రం బస్సు వచ్చి వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది, అప్పటికి సగం కూడా కాలేదు.